కుక్క అని చెప్పాను

కళ్లు మూసుకోండి, ఒళ్లంతా వదిలేయండి అంటోంది అరుంధతి మేడం, వదిలేస్తూనే ఉన్నాను, వెనక్కి వాలే ఈ నల్ల కుర్చీలో చేతులు రెండూ పక్కలకు జారేసి, నోరు కొంచెం తెరిచి, నిద్రలో ఉన్నవాడిలా ఊపిరి తీస్తూ. నిద్ర ఎక్కడిది, కింద మెడికల్ షాపులో ఎవరో చిల్లర గురించి గొడవ పడుతున్నది వినపడుతోంది, హైవే మీద విజయవాడ బస్సు హారన్ వినపడుతోంది, మొత్తం సూర్యాపేట నా చెవుల్లోనే ఉంది. భయాలు పోగొడతారని ఈ గదికి రావడం ఇది మూడోసారి, మూడుసార్లూ నేను నటించాను. పాపం ఆవిడ గొంతు మంచిది, కోదాడ గొంతు, ప్రతి మాట చివరా ఒక అండీ పెట్టి జోకొడుతుంది, నిజంగా నిద్రపోదలచుకున్నవాడికైతే ఆ గొంతు చాలు. "ధనుంజయ్ గారూ, మీకు బాగా దూరంలో ఒక కుక్క ఉందండి. అది మిమ్మల్ని చూడట్లేదు. మీకేం కాదు. దాన్ని అలా చూస్తూ ఉండండి." చూస్తూ ఉన్నాను మేడం. నాకు కుక్కలంటే భయం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ ఎన్నడూ లేదు. నాకు గొర్రెలంటే భయం.

ఇదిగో, మనసులో అనుకుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. మేం కురుమోళ్లం. మాడుగులపల్లి దగ్గర మా ఊళ్లో మా ఇంటికి దారి చెప్పాలంటే గొర్ల బీరయ్య ఇల్లు అంటారు, ఆ బీరయ్య మా నాయిన, ఆయన తండ్రీ తాతా అందరూ గొర్రెల వెనకే పుట్టి గొర్రెల వెనకే నడిచి పోయినవాళ్లు, అలాంటి ఇంట్లో పుట్టిన నాకు గొర్రె ఎదురొస్తే అరచేతులు తడిసిపోతాయి, గోడో చెట్టో వెతుక్కుని దాని చాటుకు పోతాను. చేపలు పట్టేవాడి కొడుకు నీళ్లకు జడిసినా జనం అయ్యో అంటారేమో, గొర్రెకు జడిసేవాడిని ఏమంటారు. గొర్రె ఎవరినైనా కరిచిందని ఎక్కడైనా విన్నామా. పులికి భయపడితే అందులో ఒక మర్యాద ఉంది.

మొదటిరోజే ఈ మేడం ముందు చెప్పేద్దామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి సూర్యాపేట దాకా ఆ ఒక్క మాటే నమిలాను. మిర్యాలగూడలో అయితే ఎవరైనా చూస్తారని కదా ఇంత దూరం వచ్చింది. తీరా కూర్చున్నాక ఆవిడ అడిగిన వరుస నన్ను చంపింది. పేరు, ఉద్యోగం, మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీలు తూచే కాంటా దగ్గర పని చేస్తానని చెప్పాను, తర్వాత "మీ నాన్నగారు ఏం చేస్తారండీ" అంది, గొర్రెలు కాస్తాడు మేడం అన్నాను, కొంచెం గర్వంగానే అన్నాననుకుంటా, ఆవిడ నవ్వి రాసుకుని, ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే "ఇంతకీ మీకు ఏ జంతువంటే భయమండీ" అంది. ఆ రెండు ప్రశ్నల మధ్య నాలుగు మాటలు ఉన్నా చెప్పేవాడినేమో. కుక్క, అన్నాను. అనేశాను. పదిలో ఎంత భయం అంటే ఎనిమిది అన్నాను. పోయినసారి ఆరుకు దించాను, అంత కష్టపడుతున్న మనిషిని ఉత్త చేతులతో పంపడం బాగుండదని.

"ఇప్పుడది కొంచెం దగ్గరికొచ్చిందండీ. మీ ఊపిరి చక్కగా ఆడుతోంది." నేనూ ఒక ఉపాయం పన్నాను, ఆవిడ కుక్క అన్నప్పుడల్లా నేను లోపల గొర్రె అని మార్చుకుంటాను, మందు మందే కదా, సీసా మీద కాగితం వేరైతే ఏం. కాసేపు బాగానే నడిచింది. గొర్రె దూరంగా ఉంది, గొర్రె నన్ను చూడట్లేదు. అంతలో ఆవిడ "సంతోషంగా తోక ఊపుతోందండీ" అంది, మొత్తం చెడింది. గొర్రె సంతోషానికి తోక ఊపదు. పిల్ల మాత్రం ఊపుతుంది, తల్లి పొదుగు నోట పట్టినప్పుడు, మా అమ్మ సత్తెమ్మ పాలు సరిపోని పిల్లలకు సీసాతో తాపేటప్పుడు చూసేవాడిని, నేను గడపకు ఇవతల, అమ్మ వాకిట్లో, దాని తోక అదిరిపోతూ ఉండేది, అమ్మ నావైపు చూసి "ఇటు రా కొడుకా, ఇంత పిల్ల, ఇది నిన్నేం జేస్తది" అనేది. నేను అన్నం తింటున్నాననేవాడిని. ఎప్పుడు పిలిచినా అన్నమే తింటున్నాననేవాడిని. అమ్మ పోయి నాలుగేళ్లు. ఆమెకు తెలుసేమో అని ఇప్పుడు అనిపిస్తుంది, తెలిసినా బయటపెట్టే మనిషి కాదు.

భయం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు, దాన్ని తవ్వడానికి ఈ కుర్చీ అక్కర్లేదు. సాగర్ కాలువ మీద సన్నటి వంతెన. నాకు ఆరేడేళ్లు, నాయిన మంద ముందు, నేను మంద వెనక, చేతిలో నా ఎత్తుకు తగ్గ కర్ర, ఎంత సంబరమో, పెద్దవాడినైపోయానని. అవతల నుంచి వడ్ల లారీ వచ్చింది, వంతెన ఎక్కేముందు హారన్ కొట్టింది, అంతే, మంద మొత్తం వెనక్కి తిరిగింది. వెనక ఉన్నది నేనొక్కడినే. అరుపులు ఏమీ లేవు, అదే నాకు బాగా గుర్తు, గొర్రెలు అరవలేదు, ఊరికే వచ్చాయి, ఒకదాని మీద ఒకటి, కింద పడ్డాక వెలుతురు పోయింది, డెక్కలు, పొట్టలు, తడి ఉన్ని నోట్లో, పైన ఎన్ని ఉన్నాయో తెలియదు, ఒకటి పోతే ఇంకొకటి, ఊపిరి కోసం నోరు తెరిస్తే మళ్లీ ఉన్ని. నాయిన జబ్బ పట్టి పైకి లాగాడు. ఎముకలన్నీ తడిమి చూసి, ఏమీ విరగలేదని తెలిశాక నవ్వాడు, కళ్లలో నీళ్లతో నవ్వాడు, భుజాల మీద కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తెచ్చి కనపడిన వాడికల్లా చెప్పాడు, నా కొడుకు గొర్ల కింద పండి లేచిండు, బీరప్ప కాపాడిండు అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను, భుజాల మీద ఉన్నాను కదా. అప్పుడు ఏడ్చి ఉంటే అయిపోయేది.

తర్వాత అంతా తప్పించుకోవడమే. చదువు పేరుతో హాలియా హాస్టల్. సెలవులకు వస్తే పొద్దెక్కి మంద మేతకు పోయాక ఇంట్లో అడుగు పెట్టడం, మంద తిరిగొచ్చే ముందే ఏదో పని ఉందని బయటపడడం. ఇప్పటికీ అంతే, మిర్యాలగూడ నుంచి బండి మీద పోతే మధ్యాహ్నమే పోతాను, టీ తాగి వస్తాను. ఇన్నేళ్లలో నేను భయపడుతున్నానని ఒక్కడికీ తట్టలేదు, ఎందుకంటే ఎవరికీ తట్టే విషయం కాదది. వాళ్లకు తట్టింది వేరే. మా మేనత్త బుచ్చమ్మ ఒక పెళ్లిలో అందరి ముందు అననే అంది, "సదువుకున్నోడు గదా, గొర్ల కంపు పడ్తలేదు దొరకు." అందరూ నావైపు చూశారు. కాదు అత్తా అంటే మరెందుకు రావు అని అడుగుతారు. నేను నవ్వాను. పొగరుబోతు అనిపించుకోవడం పిరికివాడు అనిపించుకోవడం కంటే మేలనిపించింది, ఆ క్షణంలో నిజంగా హాయిగా కూడా అనిపించింది, ఒక మంచి సాకు ఊరికే దొరికినట్టు. పక్క వరుసలో నాయిన భోంచేస్తున్నాడు. తల ఎత్తలేదు. పెరుగన్నం కలుపుకుంటున్న చేయి కాసేపు ఆగింది.

ఆ తర్వాత నుంచే. మిర్యాలగూడలో మా కిరాయి ఇంటికి వస్తే నాయిన గేటు పక్క నల్లా దగ్గర ఆగుతాడు. భుజం మీది గొంగడి తీసి గోడకు వేస్తాడు, లోపలికి తేడు. సబ్బు తెచ్చుకుంటాడు, చేతులు, మెడ, ముఖం, మోచేతుల దాకా రుద్దుకుంటాడు, సంచిలో నుంచి ఒక చొక్కా తీసి తొడుక్కుంటాడు, ఆ చొక్కా మా ఇంటికి రావడానికి తప్ప ఇంక దేనికీ వాడడు. లోపలికి వచ్చాక కూడా కుర్చీని నా దగ్గర నుంచి కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంటాడు. మొదటిసారి చూసినప్పుడు నా భార్య స్వర్ణ వంటింట్లోకి పిలిచి నిలదీసింది, "మామయ్య గేటు కాడ తానం జేస్తుండు, నువ్వేమన్న అన్నవా?" నేనేమంటాను అన్నాను. "మరి సెప్పు. భయమని సెప్తె ఏం పోతది?" పరువు పోతది అన్నాను. "గిదేం పరువు. కన్నతండ్రి నీ గేటు కాడ ఒళ్లు రుద్దుకునుడు నీ పరువా?" అంది. స్వర్ణకు ఒక్కదానికే తెలుసు. పెళ్లైన కొత్తలో వాళ్లూరి బాటలో మంద ఎదురైతే నేను ఆమె చేయి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గాజు పగిలింది, దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఈ మేడం సంగతి ఫోన్‌లో వెతికి పట్టుకున్నదీ స్వర్ణే. ఇక్కడికొచ్చి కుక్క అని చెప్పానని మాత్రం ఆమెకూ తెలియదు. ఎట్లుంది ఇప్పుడు అని రోజూ అడుగుతుంది, నయం అంటున్నాను.

"ఇప్పుడు మీకూ దానికీ మధ్య నాలుగడుగులే ఉన్నాయండీ." నాలుగడుగులు. ఆదివారం నాలుగడుగులు కూడా ఉండవు. ఆదివారం మా కులదేవుడు బీరప్ప పండుగ, ఏళ్లకోసారి వచ్చేది, ఇంటికో పొట్టేలు గుడి ముందుకు పోవాలి. పసుపు నీళ్లు దాని వీపు మీద పోస్తారు, అది ఒళ్లు దులపాలి, దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు. తాడు పట్టేది ఇంటి మగవాడు. తాడు బిగించకూడదు, వదులుగా పట్టాలి, ఒక చేయి దాని వీపు మీద ఉండాలి, బెదిరించకూడదు, కదిలించకూడదు, అది తనంతట తాను దులిపేదాకా దాని పక్కనే నిలబడాలి. డోలు మోగుతుంటే, పాలోళ్లు, దాయాదులందరూ చుట్టూ మూగి చూస్తుంటే. పట్టినవాడి చేయి వణికితే పొట్టేలుకు తెలుస్తుంది, అది బెదురుతుంది, బెదిరితే దులపదు, దులపకపోతే ఆ ఇంటి వంక అందరూ చూస్తారు, ఏం తప్పు జరిగిందని. ఇన్నాళ్లూ నాయిన పట్టేవాడు. పోయిన వారం కాలువ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పట్టీ వేయించుకుని మంచం మీద కూర్చుని నన్ను పిలిచాడు, పిలిచి నేల చూపులు చూస్తూ, పొరుగింటివాడిని చేబదులు అడిగినట్టు అడిగాడు. "ఈసారి తాడు నువ్వే పట్టాలె బిడ్డా. ఇంకెవలున్నరు. జరసేపే. అయినంక చేతులు కడుక్కోను సబ్బు నేను తెస్త."

సబ్బు నేను తెస్త అన్నాడు. ఆ మాటకు నాకు నేల విచ్చుకుంటే బాగుండనిపించింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను, ఇంట్లో ఇంకెవరూ లేరు, నాయినా నీ వాసన నాకు ఇష్టమే, నీ గొంగడి కప్పుకుని పడుకున్న పిల్లవాడినే నేను, నాకు భయం నాయినా, ఉత్త భయం, అని. సరే పడత అన్నాను. అంతే అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది, వెంటనే దాన్ని దాచుకున్నాడు, ఎక్కువ సంతోషపడితే నేను మనసు మార్చుకుంటానేమో అన్నట్టు. ఈరోజు ఇద్దరం కలిసే వచ్చాం, ఎముకల డాక్టరు ఇదే వీధిలో, ఆయనను అక్కడ చీటీ రాయించి కూర్చోబెట్టి, నాకు బీపీ చూపించుకునే పని ఉంది, ఆ మెడికల్ షాపు పైన ఉంటానని చెప్పి వచ్చాను. బస్సులో కూడా ఇద్దరు పట్టే సీటులో కిటికీకి ఒత్తుకుని కూర్చున్నాడు, మా ఇద్దరి మధ్య ఇంకో పిల్లవాడు పట్టేంత ఖాళీ. జరుగు నాయినా అంటే మంచిగనే ఉన్న బిడ్డా అన్నాడు.

తలుపు కిర్రుమంది. గోళ్ల చప్పుడు, నున్నటి టైల్స్ మీద టకటకమని, తర్వాత ఒక వగర్పు. ఆవిడ గొంతులో కొత్త సంబరం, "కళ్లు తెరవకండి. మీకు చెప్పలేదు, ఇవాళ మా తమ్ముడి కుక్కను తెచ్చానండీ, చాలా నెమ్మదైనది. మీ చేతి దగ్గరే ఉంది. మీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడే." ఇప్పుడు కొంచెం వణకాలి. నటించాలంటే ఇదే అదను, చేయి వెనక్కి తీసుకుని మళ్లీ మెల్లగా చాపాలి. కానీ తడి ముక్కు నా అరచేతిలోకి వచ్చేసింది, చేయి నన్ను అడక్కుండానే చెవి వెనక్కి పోయింది, అక్కడ ఎక్కడ గోకితే కుక్క తల వాల్చేస్తుందో అక్కడే గోకింది, మా మంద కుక్క ఎర్రోడు ఇలాగే వాల్చేసేవాడు, ఒంటికి షాంపూ వాసన తప్ప ఇదీ వాడూ ఒకటే. కుక్క నా మోకాలి మీద గడ్డం ఆనించింది. కళ్లు తెరవండి అన్న ఆవిడ గొంతు తడిగా ఉంది. తెరిచాను. ఆవిడ రెండు చేతులూ జోడించి గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది, కళ్లు మెరుస్తున్నాయి. "ఇంత తొందరగా ఎవరికీ తగ్గలేదండీ" అంది. ఎంత నిజాయితీగల మనిషి, నేనెంత దగుల్బాజీని. నేనేదో అనబోయేలోపు తలుపు దగ్గరికి పోయి, బయట ఉన్న ముసలాయనలో నా పోలిక పట్టి, "పెద్దాయనా, మీరు వీరి నాన్నగారే కదండీ, లోపలికి రండి, మీరు చూడాలి" అంది.

నాయిన వచ్చి ఎంతసేపైందో. చెప్పులు బయట విడిచి, పట్టీ వేసిన చేయి మెడకు వేలాడుతుంటే, గడప దాటి ఆగాడు, ఎప్పటిలాగే నాకు దూరంగా, గోడకు దగ్గరగా. ఆవిడ సంతోషం పట్టలేక చెప్పేసింది, "మీ అబ్బాయికి కుక్కల భయం పోయిందండీ. చూడండి, ఎలా నిమురుతున్నారో." నాయిన కుక్కను చూశాడు. దాని చెవి వెనక ఉన్న నా చేతిని చూశాడు. ఆయనకు తెలియనిదా, చలికాలం ఎర్రోడి పొట్టకు ఆనుకుని నిద్రపోతే ఆయనే నన్ను ఎత్తి లోపలికి మోసేవాడు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు, ఏమీ అర్థం కానట్టు, ఏదో అడగబోయినట్టు. అంతలోనే మేడం వైపు తిరిగాడు.

"అవు మేడం" అన్నాడు. "శిన్నప్పటి సంది కుక్కలంటె మస్తు భయం వానికి. మీ దయతోని పోయింది."

అంగడిలో తన గొర్రెకు కుంటు ఉంటే కొనేవాడి కంటే ముందు తానే చూపించే మనిషి. కొడుకు ఎందుకు అబద్ధమాడాడో తెలియదు, దేనికో తెలియదు, అయినా కొడుకు ఆడిన అబద్ధం ఒంటరిగా నిలబడకూడదని తానూ వచ్చి దాని పక్కన నిలబడ్డాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఎంత మామూలుగా ఉందో. నాకు ఒళ్లంతా మంటలు, కుక్క తల నా మోకాలి మీది నుంచి తీసేశాను, కుర్చీలో లేచి కూర్చున్నాను, కూర్చుంటే ఆ వాలు కుర్చీ నన్ను మళ్లీ వెనక్కి లాగింది, ఆ చెప్పే మాటైనా పద్ధతిగా కూర్చుని చెప్పనీయలేదు.

"కుక్క కాదు మేడం" అన్నాను. "గొర్రెలు. నాకు గొర్రెలంటే భయం. మొదటిరోజే అబద్ధం చెప్పిన."

ఆవిడ నవ్వలేదు. నవ్వుతుందేమోనని ఇన్నాళ్లూ చచ్చాను, నవ్వలేదు, కుక్క పట్టీ చేతికి చుట్టుకుంటూ ఉండిపోయింది. నేను నాయిన కాళ్ల వైపు చూస్తూ మిగతాది చెప్పాను, కాలువ వంతెన సంగతి, ఇంటికి మధ్యాహ్నాలే రావడం సంగతి, ఆదివారం తాడు సంగతి, చెబుతుంటే నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినపడింది. ముప్పై దాటిన మగవాడిని, కురుమవాడిని, పరాయి మనిషి ముందు. 

"గొర్లకు భయమా" అన్నాడు నాయిన. "గంతేనా?"

ఆ గంతేనా ఎగతాళి అనుకున్నాను. తల ఎత్తి చూస్తే కాదు. పట్టీ లేని చేత్తో గోడ పట్టుకుని ఉన్నాడు, పెదవులు అదురుతున్నాయి.

"నేను నా వాసన పడ్తలేదనుకున్న బిడ్డా" అన్నాడు. "ఇన్నేండ్ల సంది గదే అనుకుంటున్న."

అందులో నిష్ఠూరం కొంచెమైనా లేదు. ఉంటే బాగుండేది. కోపగించుకుని రెండు మాటలు అని ఉంటే తలొంచుకుని పడేవాడిని, కానీ ఆయన ముఖంలో ఉన్నది అచ్చంగా సంతోషం, కొడుకు పిరికివాడని తెలిసి సంతోషపడుతున్న తండ్రిని నేను ఎక్కడా చూడలేదు, ఆ సంతోషమే నన్ను కాల్చేసింది. గేటు దగ్గర సబ్బు రుద్దుకున్న అన్ని సార్లూ ఏమనుకుంటూ రుద్దుకున్నాడు. నేను కిటికీలో నుంచి చూస్తూ ఏమనుకుంటూ నిలబడ్డాను. ఒక్క మాట అంటే అయిపోయేది, వాసన కాదు నాయినా, భయం అని.

నాయిన గోడ వదిలి ముందుకొచ్చాడు. మూలనున్న స్టూలు ఒంటి చేత్తో లాగి, నా కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చున్నాడు, ఆయన మోకాలు నా మోచేతికి తగిలేటంత దగ్గరగా. ఉన్ని వాసన, చెమట వాసన, బీడీ వాసన. చేయి తీసుకోలేదు.

"మేడం, టైముంటె మల్ల మొదటి సంది చేస్తరా?" అన్నాడు. "ఆదివారం మాకు పండుగుంది. నేను గీడ్నే కూసుంట."

ఆవిడ కుక్కను బయట కట్టేసి వచ్చి తలుపు వేసింది. కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, కళ్లు మూసుకోండి ధనుంజయ్ గారూ అంది. మూసుకునే ముందు ఒక్కసారి నాయిన వైపు తిరిగాను. ఆయన నన్నే చూస్తున్నాడు, ఇంకా అలాగే సంతోషంగా. ఆ ముఖం చూడలేక గబగబా కళ్లు మూసుకున్నాను.